రంగప్రవేశానికి ముందు ఇంటిల్లిపాదీ నేర్చుకోవలసింది

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మాయికి 14 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది, ఈ జూన్‌లో తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. మార్గశిరంలో రంగప్రవేశం, అంటే మొదటిసారి ఒక్కతే పూర్తి కార్యక్రమం ఆడటం, చేయిద్దామని గురువుగారు అన్నారు. మీవారు రొయ్యల చెరువుల పనిలో రాత్రీ పగలూ తేడా లేకుండా ఉంటారు. మీ అత్తగారు మాత్రం ‘పెళ్ళికి దాచుకోవలసిన డబ్బు గజ్జెలకు పోస్తారా’ అన్నారు. ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, నాట్యం గురించి ఏమీ తెలియని మేము అమ్మాయికి ఏ విధంగా అండగా ఉండగలం అని అడిగారు.

నేను రాజమహేంద్రవరంలో 30 ఏళ్ళుగా పిల్లలకు నాట్యం నేర్పుతున్నాను. నా శిష్యురాళ్ళ రంగప్రవేశాలకు 22 సార్లు తాళాలు పట్టుకుని, నాట్యాన్ని లయతో నడిపించే నట్టువాంగానికి కూర్చున్నాను. వాటిలో రెండు, మరో ఏడాది ఆగి ఉంటే ఎంత బాగుండేవో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రెండు చోట్లా పిల్లల లోపం ఏమీ లేదు. ఒకచోట ఇల్లు తొందరపడింది, మరోచోట ఇల్లు పట్టించుకోలేదు. అందుకే మీ మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని ముందు తీసుకుంటాను. మిగిలిన రెండింటికీ జవాబు అందులోనే చాలావరకు ఉంది.

నాట్యం తెలియకపోవడం అడ్డంకి కాదు. మీరు ఆడనక్కర్లేదు, పాడనక్కర్లేదు. చూడటం నేర్చుకుంటే చాలు. ఇంట్లో పిల్ల సాధన చేస్తుంటే మనం ఏం చేస్తాం? ఒకరు కూరగాయలు తరుగుతూ, ఒకరు ఫోను చూస్తూ, మధ్యలో ఎవరో అటూ ఇటూ నడుస్తూ ఉంటాం. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల గోడలకు ఆడి చూపిస్తోంది. అలాంటి పిల్ల ఒక సాయంత్రం హఠాత్తుగా మూడు వందల జతల కళ్ళ ఎదుట నిలబడితే బెదరక ఏం చేస్తుంది?

ఈ వారం నుంచే ఆదివారం సాయంత్రం ఒక గంట కేటాయించండి. చాప వేసి అందరూ కూర్చోండి. ఫోన్లు పక్క గదిలో ఉండాలి, తినుబండారాలు వద్దు. అమ్మాయి గజ్జెలు కట్టుకుని ఒక్క అంశం ఆడుతుంది, అంతే. ఆడేముందు దాని కథేమిటో, ఆ పాటలో ఏ మాటకు ఏ ముద్ర పడుతుందో తానే మీకు చెప్పాలి. అలా చెప్పడంలో సగం అభినయం దానికే తెలిసివస్తుంది. ఆడిన తరువాత మీరు తప్పులు ఎంచవద్దు, ‘బ్రహ్మాండం’ అని కూడా అనవద్దు. ఎక్కడ ఏం కనిపించిందో చెప్పండి. ‘నువ్వు ఎత్తినట్టు చూపిన చెంబు బరువుగా ఉన్నట్టు నాకు కనిపించింది’ అన్నారనుకోండి, ఆ మాట పిల్లకు నెల రోజుల సాధనతో సమానం. సరిదిద్దే పని గురువుగారిది. ఇంట్లో ఒక మాట, తరగతిలో ఒక మాట వినిపిస్తే పిల్ల రెండింటి మధ్యా నలిగిపోతుంది.

భీమవరం వైపు నుంచి ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చేది. వాళ్ళ నాన్నగారిది మీవారి పనే. రాత్రంతా చెరువు గట్టు మీద ఏరేటర్ల చప్పుడు వింటూ కూర్చోవడం, కరెంటు పోతే జనరేటరు దగ్గరకు పరుగెత్తడం. తెల్లవారుజామున అమ్మాయిని దింపడానికి వచ్చి, కాళ్ళకు బురద ఉందని లోపలికి రాకుండా గడప బయట కూర్చునేవారు. ఒకరోజు ఆయనకు ఆది తాళం వేళ్ళ మీద ఎలా లెక్కపెట్టాలో చూపించాను. ఒక దెబ్బ, తరువాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఆ రోజు నుంచి ఆయన కుడి చేయి మోకాలి మీద కదులుతూనే ఉండేది. నిద్ర లేక కళ్ళు మూతలు పడేవి కానీ వేళ్ళు ఆగేవి కావు. నాలుగు నెలల తరువాత నన్ను గుమ్మం దగ్గర ఆపి, ‘మూడో ఆవృతంలో ఒక అక్షరం తగ్గిందేమోనండీ, నేనే తప్పు లెక్కపెట్టానో ఏమో’ అని మెల్లగా అడిగారు. ఆవృతం అంటే తాళం ఒక చుట్టు. నిజంగానే తగ్గింది. ఆయన ఆ మాట అమ్మాయితో అనకుండా నాతో అన్నారు చూడండి, అందుకు ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. రంగప్రవేశం రోజు ఆ పిల్ల కళ్ళు మొదటి వరుసలో వెతికింది ముఖ్య అతిథిని కాదు, ఆ చేతిని.

ఇక మీ అత్తగారి సంగతి. ఆమె మాటను డబ్బు మాటగా మాత్రమే తీసుకోకండి. ఆ వయసు వాళ్ళు మన గోదావరి జిల్లాల్లో పెరిగేటప్పుడు, ఆడపిల్ల గజ్జె కట్టడం గురించి పెద్దలు ఏ గొంతుతో మాట్లాడేవారో నేను విన్నాను. కోటిపల్లి, ముమ్మిడివరం, బల్లిపాడు వంటి ఊళ్ళలో ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల కుటుంబాల స్త్రీలు, అంటే దేవదాసీలు, గుడిలోనూ కొలువులోనూ ఆడేవారు, పాడేవారు, కూర్చున్నచోటనే క్షేత్రయ్య రాసిన శృంగార పదానికి అభినయం పట్టేవారు. కూచిపూడివాళ్ళలాగే వాళ్ళకూ సత్యభామ కథగా ఆడే భామాకలాపం ఉంది, గొల్లభామ కథగా ఆడే గొల్లకలాపం ఉంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అప్పుడు ఈ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. అమ్మాయిలను గుడికి అంకితం చేయడం ఆగిపోవడం మంచిదే. కానీ దానితోపాటు వాళ్ళ విద్యకు ఆదరువు పోయింది, ఊళ్ళో మర్యాద పోయింది. తరువాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు ఆ పెద్ద వయసు స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ నాట్యాన్ని ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. బల్లిపాడుకు చెందిన సరిదె మాణిక్యమ్మగారి అభినయం గురించి ఇప్పటికీ నాట్యం తెలిసినవాళ్ళు గౌరవంగా చెప్పుకుంటారు.

అందుకని అత్తగారితో ‘అప్పటి రోజులు వేరు, ఇప్పుడు పెద్దింటి పిల్లలే నేర్చుకుంటున్నారు’ అని సర్దిచెప్పకండి. ఆ మాటతో మనం ఆ తల్లులను ఇంకోసారి గడప బయట నిలబెట్టినట్టు అవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ విద్యను చీదరింపుల మధ్య కూడా వదలకుండా మోసినవాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, అందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు అనండి. ఆ తరువాత ఆమెను ఒకటి అడగండి. సత్యభామ అలక గురించి ఆమెకు ఏదైనా పాట వచ్చేమో, మంగళహారతి ఏదైనా వచ్చేమో. మన వైపు ఆ వయసు ఆడవాళ్ళలో పాట రానివాళ్ళు అరుదు. ఆదివారం చాప మీద ఆమె కథ చెబుతుంది, మనవరాలు ఆడుతుంది. నేను ఈ ఉపాయం చెప్పిన ఇళ్ళలో ఎక్కడా పెద్దవాళ్ళు రెండో నెల దాకా అలగలేదు.

గురువుగారు సరేనన్నారు కాబట్టి పిల్ల సిద్ధంగా ఉందనే అనుకుందాం. అయినా మీ తృప్తి కోసం మూడు విషయాలు ఆయన్నే అడగండి, ఏమీ అనుకోరు. అడవులన్నీ, అంటే నాట్యంలోని మూల అడుగులన్నీ, మూడు కాలాల్లోనూ (మూడు వేగాల్లోనూ) కాలు తడబడకుండా వస్తున్నాయా? తాళం వేస్తూ జతులు, అంటే అడుగుల లయను పలికే అక్షరాలు, నోటితో తప్పు లేకుండా చెప్పగలదా? ఆగకుండా 40 నిమిషాలు ఆడి, చివర కూడా అర్ధమండలి (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) మొదట ఉన్నంత కిందికే ఉంటోందా? మూడోది ముఖ్యం. అలసట ముందు మోకాళ్ళలో కనిపిస్తుంది, ముఖంలో తరువాత. నాలుగో ప్రశ్న మాత్రం మీరు ఎవరూ లేనప్పుడు అమ్మాయిని అడగాలి: ‘నీకు చేయాలని ఉందా?’ జవాబు వెంటనే రాకపోతే, రెండు రోజులు ఆగి మళ్ళీ అడగండి.

ఎంతసేపు ఆడాలన్నదాని గురించి మీలో ఒక భయం కనిపించింది. రెండున్నర గంటలు ఆడకపోతే రంగప్రవేశం కాదని ఎవరో అన్నారని రాశారు. అలాంటి శాస్త్రం ఏదీ లేదు. కూచిపూడి అసలు మేళంగా, అంటే బృందంగా, ఆడిన నాట్యం. స్త్రీ వేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. ఆడపిల్లలు నేర్చుకోవడం, ఒక్కరే సాయంత్రమంతా ఆడటం గత శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు, ఆయన తరువాత 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యంగారు వంటి పెద్దలు వేసిన దారి. వందేళ్ళు కూడా నిండని పద్ధతికి గంటల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? 14 ఏళ్ళ పిల్లకు గంటన్నర చాలు. వినాయక కౌత్వం, జతిస్వరం, ఒక శబ్దం, సత్యభామ ప్రవేశ దరువు (ఆమె వేదిక మీదకు వచ్చేటప్పటి పాట), తరంగం, ఒక అన్నమయ్య కీర్తన, తిల్లానా, మంగళం. ఈ ఎనిమిది అంశాలూ చక్కగా పండితే చూసినవాళ్ళకు కడుపు నిండుతుంది.

క్షేత్రయ్య పదం పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడు వద్దనండి. ఆ విరహం, ఆ ఎత్తిపొడుపు ఆ వయసు పిల్ల ముఖం మీద అరువు తెచ్చుకున్న నగలా ఉంటుంది. సత్యభామ దరువు అలా కాదు. అందులో ఉన్నది గర్వం, అందం మీద తనకున్న నమ్మకం. తెర మీదుగా ఆ జడను వేసి, ‘నన్ను మించినవారు ఉంటే రండి’ అన్నట్టు నిలబడటం. పద్నాలుగేళ్ళకు అది సహజంగానే తెలుసు, అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ చేస్తూనే ఉంటుంది.

తరంగం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంటివాళ్ళు చేయగలిగిన పని అందులో చాలా ఉంది. నారాయణతీర్థులవారి తరంగానికి ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి, తలపై నీళ్ళ చెంబుతో ఆడటం చూసేవాళ్ళకు గారడీలా అనిపిస్తుంది. ఆడేవాళ్ళకు మాత్రం అది నేలతో చేసుకునే ఒప్పందం. పళ్ళెం కదిలేది బొటనవేళ్ళు, మడమలు ఒకదాని తరువాత ఒకటి అంచును నొక్కడం వల్ల. పలుచని పళ్ళెం అంచు పాదాన్ని కోస్తుంది, కాబట్టి అంచు మందంగా, వెనక్కి గుండ్రంగా తిప్పినది కొనండి. కొనేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి, దుకాణంలోనే నిలబడి చూసుకోవాలి. ఏ పళ్ళెం మీద సాధన చేసిందో వేదిక మీద కూడా అదే ఉండాలి. ప్రదర్శనకని తళతళలాడే కొత్తది తేవద్దు. ఇంట్లో నున్నని టైల్సు మీద పళ్ళెం జారిపోతుంది, మందపాటి తివాచీ మీద అసలు కదలదు. వేదిక నేల ఎలాంటిదో ముందే చూసి, ఆఖరి నెలంతా అలాంటి నేల మీదనే పళ్ళెం సాధన చేయించండి.

నేల మాట వచ్చింది కనుక మోకాళ్ళ మాట కూడా. ఇప్పుడు మన ఊళ్ళలో ప్రతి ఇంటికీ గ్రానైటో టైల్సో వచ్చాయి. సిమెంటు మీద పరిచిన రాయిపై రోజూ గంటసేపు పాదఘాతం వేస్తే ఆ దెబ్బ తిరిగి మోకాలికే వస్తుంది. పాత పెంకుటింటి మట్టి అరుగు ఉంటే అంత మంచి సాధనశాల మరొకటి లేదు. లేకపోతే ఒక గదిలో రబ్బరు చాప వేసి, దాని మీద చెక్క పలకలు కదలకుండా బిగించండి. వడ్రంగికి సగం పూట పని. ఎదిగే వయసు కాబట్టి మోకాలి చిప్ప కింద నొప్పి అంటే ‘అలవాటవుతుందిలే’ అనకండి. అర్ధమండలిలో మోకాళ్ళు కాలివేళ్ళ దిక్కుకే తెరుచుకుంటున్నాయా, లోపలికి వాలిపోతున్నాయా అని గురువుగారిని చూడమనండి. వారం దాటినా నొప్పి ఉంటే ఎముకల వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళండి.

తిండి విషయంలో పెద్ద లెక్కలు అక్కర్లేదు. మన ఇళ్ళలో ఉన్నవే: రాగి జావ, సున్నుండ, గుడ్డు, ఆకుకూర, పెరుగన్నం. సాధన తరువాత కొబ్బరి బొండం. కోనసీమలో దానికి కొదవ లేదు కదా. ‘వేదిక మీద సన్నగా కనిపించాలి’ అని ఎవరైనా పిల్ల తిండి తగ్గించబోతే మీరు అడ్డుపడండి. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు. తెల్లవారుజామున సాధన ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పేసే బాధ్యత మీది.

చెప్పడానికి మొహమాటపడే విషయం ఒకటి ఉంది, కానీ తల్లికి తల్లిగా చెబుతున్నాను. అనుకున్న తేదీకి అమ్మాయికి నెలసరి రావచ్చు. వాయిదా వేసే మాత్రలు మందుల దుకాణంలో అడిగి మింగించకండి. వైద్యురాలు చూసి చెబితే వేరు. నా శిష్యురాళ్ళలో నలుగురు ఆ రోజుల్లోనే ఆడారు. గజ్జెపూజ, దేవుడి దగ్గర దీపం గురించి మీ ఇంటి ఆచారం ఎలా ఉందో అత్తగారితో ఇప్పుడే మాట్లాడి ఒక మాట మీదకు రండి. ఆ రోజు ఉదయం తెరచాటున గుసగుసలాడుకుంటే పిల్ల ముడుచుకుపోతుంది.

తేదీ సంగతి. తొమ్మిదో తరగతిలో పెట్టుకోవడం చాలా మంచి ఆలోచన. పదో తరగతి ఏడాదిలో ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. మార్గశిరంలో కూడా నేనైతే మొదటి రోజులు వదిలేస్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్ళం, నవంబరులో సముద్రాన్ని నమ్మం. పైగా అప్పుడు పెళ్ళి ముహూర్తాలు ఉంటాయి, కల్యాణమండపాలు దొరకవు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టాక పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, మండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె గురించి మాట్లాడుకోవచ్చు. బడి పరీక్షలు ఎప్పుడో చూసుకుని ఆ రోజుల్లో ఒక ఆదివారం పెట్టుకోండి. సంక్రాంతి దాకా మాత్రం జరపకండి. పండుగ రోజుల్లో మీ బంధువులు ఎవరి హడావుడిలో వాళ్ళు ఉంటారు, కనుమ నాడైతే ప్రభల ఊరేగింపు జరిగే జగ్గన్నతోట తీర్థంలో ఉంటారు కానీ మీ ముందు కూర్చోరు.

వేదిక రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రంలోనా, కాకినాడ సూర్యకళామందిరంలోనా, మీ ఊరి గుడి మండపంలోనా అని అడిగారు. నగరంలో హాలు, దీపాలు, ధ్వని బాగుంటాయి. కానీ మీ ఊరివాళ్ళలో పదిమంది కూడా అంత దూరం రారు. రంగప్రవేశం పెరిగిన ఊరి ముందు జరగాలన్నది నా అభిప్రాయం. గుడి మండపమే అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆ రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక మంచు పడుతుంది. పైకప్పు లేని రాతి నేల మీద సన్నని తడి చేరుతుంది, కంటికి కనిపించదు, కాలు జారితేనే తెలుస్తుంది. అందుకని ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటికి మంగళం పాడేయండి. లేదా పైన షామియానా వేయించి, చెక్క వేదిక కట్టించండి.

చెక్క వేదిక కట్టిస్తే షామియానావాళ్ళు దాని మీద తివాచీ పరిచి మేకులు కొడతారు. ఒకసారి తిల్లానాలో నా శిష్యురాలి పాదంలో మేకు దిగింది. ఆ పిల్ల ఆగలేదు. అది గొప్ప అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ నెత్తుటి అడుగులు చూసి గుండె చెరువైంది, ఎందుకంటే వేదిక చూసుకోవలసింది నేను. అప్పటి నుంచి తివాచీ తీయించేస్తాను, చెక్క మొత్తం అరచేత్తో తడిమి చూస్తాను. మీ అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడని రాశారు కదా, ఈ పని వాడికి ఇవ్వండి. ప్రతి పలకనూ చేత్తో తడమాలి, కళ్ళతో చూస్తే చాలదు. జనరేటరు, నట్టువాంగానికీ గాయనికీ వేరువేరు మైకులు, పాట అమ్మాయికి వినిపించేలా వేదిక వైపు తిప్పి పెట్టిన ఒక స్పీకరు కూడా వాడి బాధ్యతే. పెళ్ళి ఊరేగింపుల పెట్టెలు పెడితే మృదంగం ఉరుములా మోగుతుంది, గజ్జెల చప్పుడు వినిపించనే వినిపించదు.

ఖర్చు. మొత్తం ఎంత అన్నది మీరు పెట్టుకునే హద్దును బట్టి ఉంటుంది. నేను చెప్పగలిగేది వరుస. చేతిలో ఉన్న డబ్బులో సగం వాద్యబృందానికి తీసిపెట్టండి. గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, గురువుగారి నట్టువాంగం. ముందు రెండు రోజుల పూర్తి సాధనకు కూడా వాళ్ళు రావాలి, ప్రయాణం, బస, భోజనం మీవే. రికార్డు పెట్టి ఆడితే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ రికార్డు పిల్ల కోసం ఆగదు. ఊపిరి అందనప్పుడు ఒక ఆవృతం అదనంగా వాయించి ఆదుకునేది మనుషులే. ఆ తరువాత వేదిక, ధ్వని. ఆ తరువాత దుస్తులు. గురువుగారికి తాంబూలంలో పెట్టేది వేరుగా చూసుకోండి, వాద్యకారుల లెక్కలో కలపకండి. పారితోషికాలు అన్నీ మొదటి నెలలోనే నోరు తెరిచి మాట్లాడుకుంటే ఇద్దరికీ గౌరవం.

దుస్తులు రెండు జతలు చాలు. రంగప్రవేశానికి రెండు నెలల ముందు కొలతలు ఇవ్వండి, అంతకుముందు వద్దు, పిల్ల ఎదుగుతోంది. లోపలి కుట్లలో రెండేసి అంగుళాల గుడ్డ వదలమని దర్జీకి చెబితే మరో మూడేళ్ళు వస్తాయి. మన ప్రాంతం మీద అభిమానంతో ఉప్పాడ జాందానీ కొనాలని ఉంటుంది. అది మీరు కట్టుకోండి, మెత్తదనం వల్ల దానికి కుచ్చు బిగువుగా విచ్చుకోదు. నాట్యానికి కాస్త బరువున్న పట్టు కావాలి. సూర్యచంద్రులు, పాపిటబిళ్ళ, వడ్డాణం, వంకీలు, జడగంటలు అద్దెకు దొరుకుతాయి. గజ్జెలు మాత్రం సొంతవి. దారం గట్టిదో కాదో లాగి చూడండి, అదనంగా ఇంకో జత ఉంచండి. ఫ్లెక్సీలు, బహుమతుల సంచులు, నాలుగు రకాల స్వీట్లు ఏవీ అక్కర్లేదు. వచ్చినవాళ్ళకు పులిహోర, ఒక తాపేశ్వరం కాజా పెట్టండి. చెరువుల మీద ఆదాయం ఏ ఏడాది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అప్పు చేయవలసివస్తే, అదే కార్యక్రమాన్ని గుడి మండపంలో ఒక్క జత దుస్తులతో చేయండి. నాట్యం ఏమీ తగ్గదు.

సన్మానాల గురించి గట్టిగా చెబుతున్నాను. తరంగం పూర్తయి ఒళ్ళంతా చెమటతో వేడిగా ఉన్న పిల్లను పక్కన కూర్చోబెట్టి, ముప్పావు గంట శాలువాలు, ప్రసంగాలు నడిపి, తరువాత తిల్లానా ఆడమంటారు. చల్లారిన కండరాలతో ఒక్కసారి దూకితే పిక్కలు పట్టేస్తాయి. నా కళ్ళ ముందే జరిగింది. పెద్దల మాటలన్నీ తిల్లానా అయ్యాక, మంగళానికి ముందు, పది నిమిషాల్లో ముగిసేలా చూడండి. అతిథి ఆలస్యమైతే ఆగవద్దు. దీపం వెలిగించడానికి ఊళ్ళో పెద్ద ముత్తైదువ ఒకరు చాలు.

ఇప్పటి నుంచి రెండు నెలలు అంశం వారీగా సాధన, తరువాత రెండు నెలలు సగం సగం కార్యక్రమం, చివరి రెండు నెలలు వారానికి రెండుసార్లు మొత్తం కార్యక్రమం ఆగకుండా. దుస్తులు, నగలు, జడతో సహా కనీసం రెండుసార్లు ఆడాలి. జడ బరువు వల్ల మెడ తిప్పే తీరే మారిపోతుంది, అది ఆ రోజే తెలియకూడదు. ఆఖరి మూడు రోజులు సాధన తగ్గించండి, పాటలు వింటూ చేతులతో వేసుకుంటే చాలు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట లోపు తేలికగా అన్నం పెట్టేయండి. రెండింటికి ముఖాలంకరణ మొదలవుతుంది. పారాణి ఆరేదాకా నడవకూడదు. మీ దగ్గర ఒక సంచిలో సూది, దారం, పిన్నీసులు, పొడి తువ్వాళ్ళు, గ్లూకోజు నీళ్ళు, అదనపు గజ్జెలు ఉండాలి. మీరు వేదిక పక్కన ఉండండి, ముందు వరుసలో కాదు. అంత దూరం తెచ్చిన తల్లి ఆ ఒక్క సాయంత్రం పూర్తిగా చూడలేదని బాధ ఉంటుంది, నాకు తెలుసు. ఆరు నెలల ఆదివారాలు మీరు చూసి ఉంటారు.

జడ పని మాత్రం అత్తగారికి అప్పగించండి. ఆ వయసువాళ్ళకు పూలజడ కుట్టడం చేతి అలవాటు. ఆ నెలల్లో మల్లెలు ఉండవు, కడియం ఊరి పూలతోటల నుంచి చామంతులు, కనకాంబరాలు ముందు రోజు సాయంత్రం తెప్పించి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. సవరం గట్టిగా పట్టిందో లేదో ఆమెనే లాగి చూడమనండి, సత్యభామ తల విసిరినప్పుడు అది నిలబడాలి. రాత్రి ఇంటికి వచ్చాక గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టించి, ఆ జడ విప్పే పనీ ఆమెకే ఇవ్వండి. పిన్నులన్నీ తీయడానికి గంట పడుతుంది. ఆ గంట ఇద్దరినీ వదిలేసి మీరు వెళ్ళి భోజనం చేయండి, ఉదయం నుంచి మీరేమీ తిని ఉండరు.